అక్క మింగని గోలీలు

మొన్న నా బిడ్డకు జ్వరం తగ్గకపోతే సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. చీటీ రాయించుకుని లైనులో నిలబడ్డాను. మా ముందు ఒకాయన నర్సు మీద అరుస్తున్నాడు. ఆ పిల్లది నా వయసే ఉంటుంది. ఒక చేతిలో సెలైన్ సీసా ఉంది. ఇంకో చేత్తో ఒక ముసలాయన ముంజేయి పట్టుకుని నరం వెతుకుతోంది.

"ఊకె జీతాలు తినుకుంట కూసున్రు. మేమేమన్న గొడ్లమా? మందు బయట కొనుక్కోవాల్నా? దవాఖానల మందులన్ని ఏడికి పోతున్నయ్, నీ ఇంటికా?"

మందు బయట కొనుక్కొమ్మని రాసింది లోపలున్న డాక్టరు. ఆ సంగతి లైనులో ఉన్న మా అందరికీ తెలుసు. ఒక్కరు కూడా చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ పిల్ల తల ఎత్తకుండా సూది గుచ్చి, పట్టీ అంటించి, పక్క మంచం దగ్గరికి పోయింది.

ఇంటికి వచ్చి అన్నం కంచం మీద అట్లాగే మూత పెట్టాను. నర్సును తిడుతుంటే నోరు మూసుకుని నిలబడడం నాకు అదే మొదటిసారి అయితే అంత బాధ ఉండకపోయేదేమో. అంతకుముందు ఒకసారి అట్లాగే నిలబడ్డాను. అప్పుడు నేను ఐదో తరగతి. ఆ సంగతి నా పెనిమిటికి కూడా చెప్పలేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్త అది. మాది మోత్కూరుకు ఆటోలో పోయేంత దూరంలో ఉన్న ఊరు. చుట్టూ చెలకలు, పత్తి, కంది. బోరు నీళ్లు తాగి మా అందరి పండ్లు పచ్చగా గారపట్టి ఉండేవి. ఊర్లో అందరివీ అట్లాగే ఉండేవి కాబట్టి అది ఎవరికీ వింతగా ఉండేది కాదు. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది. నా బిడ్డ పండ్లు తెల్లగా ఉంటాయి. నేను నవ్వితే అది నా నోట్లోకి వింతగా చూస్తుంది.

అప్పుడు ఊర్లో దవాఖాన అంటే పాల కేంద్రం పక్కన కిరాయికి తీసుకున్న ఒక చిన్న అర్ర. తలుపు తీస్తే పులిసిన పాల వాసన, స్పిరిట్ వాసన కలిసి ముక్కుకు కొట్టేవి. ఒక బల్ల, ఒక బరువు తూచే మిషను, గోడకు పిల్ల కడుపులో ఎట్లా పండుకుని ఉంటుందో చూపించే బొమ్మ. ఆ బొమ్మను చూడ్డానికి మేం కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడేవాళ్లం.

ప్రతి బుధవారం నర్సమ్మ వచ్చేది. స్కూటీ ముందు నీలం రంగు టీకాల డబ్బా పెట్టుకుని వచ్చేది. నడివయసు మనిషి. స్కూటీ చప్పుడు వినబడగానే "సూదులామె వచ్చిందిరో" అని అరుచుకుంటూ పారిపోయేవాళ్లం. నేనైతే మా ఇంట్లో పత్తి పోసిన అర్రలోకి దూరి, పత్తిలో మెడదాకా పూడ్చుకుని కూర్చునేదాన్ని. ఒళ్లంతా దురద పెట్టేది. అయినా సూది కంటే దురదే నయం అనిపించేది.

పెద్దవాళ్లు పారిపోయేవారు కాదు గానీ వాళ్లు మాట్లాడే మాటలు వేరే ఉండేవి. ఆమె మొగుడు ఎక్కడుంటాడో ఊర్లో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టి తలా ఒకటి చెప్పేవారు. ఒంటరిగా బండి మీద ఊరూరు తిరిగే మనిషి మంచిదెట్లా అవుతుంది అనేవారు. జ్వరం వచ్చినా ఆమె దగ్గరికి పోయేవారు కాదు. ఊర్లో ఒక ప్రైవేటు డాక్టరు ఉండేవాడు. ఏ చదువు చదివాడో తెలియదు. వేపచెట్టు కొమ్మకు గ్లూకోజు సీసా కట్టి, కింద మంచంలో మనిషిని పండబెట్టేవాడు. సీసా ఎక్కితే పాణం లేచి వస్తుందని అందరికీ నమ్మకం. నర్సమ్మ ఇచ్చేవి గోలీలు. అవి ఊరికే వచ్చేవి.

మా అవ్వ, అంటే నాయినను కన్నతల్లి, ఆ ఇంటికి పెద్ద. నర్సమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు అవ్వ అరుగు మీద కంది కాయలు ఒలుస్తోంది.

"ఏమిటోళ్లు బిడ్డా మీరు?" అని అడిగింది.

కులం అడిగింది అని నాకు కూడా అర్థమైంది. నర్సమ్మ చెప్పులు విడుస్తూ, "దవాఖానోళ్లం అవ్వా" అంది.

అవ్వకు ఆ మాట నచ్చలేదు. ఆ రోజు నుంచి నర్సమ్మకు మంచినీళ్లు ఇవ్వడానికి మా ఇంట్లో వేరే గ్లాసు పెట్టింది. అది గూట్లో బోర్లించి ఉండేది.

ఆ వానాకాలం మా అక్క తొలిచూలు కాన్పుకని మా ఇంటికి వచ్చింది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. వచ్చేటప్పుడు అత్తగారింటి నుంచి ఒక సంచి నిండా పల్లి పట్టీలు తెచ్చింది. రెండు మెట్లు ఎక్కితే ఒకసారి ఆగి కూర్చునేది. మొహం ఉడకబెట్టిన గుడ్డులాగా తెల్లగా ఉండేది. అందరూ, కడుపుతో ఉన్న కళ అన్నారు.

బుధవారం నర్సమ్మ వచ్చి, "అవ్వా, బిడ్డను జర వెలుతురుకు పిలువు" అంది.

అక్క అరుగు మీదికి వచ్చింది. నర్సమ్మ బొటనవేలితో అక్క కంటి కింది రెప్పను కిందికి లాగి చూసింది. నాలిక చూసింది. గోళ్లు చూసింది. వేలికి సూది పొడిచి రక్తం చుక్క తీసుకుంది.

"ఏం తింటున్నవ్ బిడ్డా?"

"పచ్చిపులుసు, బువ్వ."

"గుడ్డు?"

"గుడ్డు ఏడి" అంది అవ్వ. "బొప్పాయి వద్దు, నువ్వులు వద్దు, వంకాయ వద్దు."

"అయితే గాలి తిని కంటదా అవ్వా?"

అక్క నవ్వింది. అవ్వ చూసింది. అక్క నవ్వడం ఆపింది.

నర్సమ్మ సంచిలోంచి ఎర్ర గోలీల షీట్లు తీసింది. అవి రక్తం పట్టే గోలీలట. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి, బువ్వ తిన్నాక మింగాలి. చాయతో మింగొద్దు. "ఖాళీ షీట్లు పారెయ్యకున్రి. వచ్చే బుధవారం నేను చూసి కొత్తవి ఇస్త" అంది. ఎవరికి అప్పజెప్పాలా అని చుట్టూ చూసి నన్ను చూసింది.

"చెల్లె, బడికి పోతున్నవా? లెక్కలొస్తయా?"

"వస్తయ్."

"అయితే ఇది నీ డ్యూటీ. అక్క మింగిందో లేదో చూసుడు, షీట్లు నాకు చూపెట్టుడు."

రిజిస్టరులో అక్క పేరు ఎదురుగా నా పేరు కూడా రాసింది. సర్కారు పుస్తకంలో నా పేరు ఉందని ఆ వారమంతా బడిలో చెప్పుకుని తిరిగాను.

అక్క నాలుగు రోజులు మింగింది. కడుపులో తిప్పింది. ఒకరోజు నీళ్ల గాబు దగ్గర కక్కుకుంది. ఇంకోరోజు దొడ్డికి పోయి వచ్చి ఏడుపు మొహంతో అవ్వ చెవిలో ఏదో చెప్పింది. నల్లగా వచ్చిందని భయపడింది.

"నేను చెప్పలే?" అంది అవ్వ. "లోపలంత నల్లగ చేస్తున్నయ్ గవి. పిల్ల బొగ్గు లెక్క పుడ్తది. మీ మేనత్త మింగలే? దాని బిడ్డను చూసినవ్ గద. పైంగ పిల్ల లావైతే కోసి తియ్యాల్సొస్తది. మేం ఏం గోలీలు మింగి కన్నం?"

"మరి నర్సమ్మ అడిగితే?" అంది అక్క.

అవ్వ నా దిక్కు తిరిగింది. "గోలీలు పెంటకుప్ప మీద పారెయ్యి. షీట్లు మాత్రం పైలంగ పెట్టు. లేకుంటే గా మనిషి అరుగు మీద కూసోని ఊరంత వినబడేటట్టు లొల్లి చేస్తది. మీ అమ్మకు, నాయినకు చెప్పినవంటే చూడు."

అమ్మా నాయినా తెల్లారితే చెలకకు పోయేవారు, పొద్దుగూకితే వచ్చేవారు. ఇంట్లో ఏం జరిగేదీ వాళ్లకు తెలిసేది కాదు.

ఆ పని నాకు ఆటలాగా ఉండేది. షీటు వెనక వేలితో నొక్కితే టప్పుమని గోలీ బయటికి వచ్చేది. మొదట్లో కోళ్లకు వేసి చూశాను, ముక్కుతో పొడిచి వదిలేశాయి. ఒకటి నాకి చూశాను. పైన తీపిగా, లోపల తుప్పు పట్టిన మొలను నాకినట్టు ఉంది. నీళ్లలో నానబెడితే ఎర్ర రంగు దిగేది. దానితో బొమ్మల పెళ్లి చేసి పెళ్లికూతురు కాళ్లకు పారాణి పెట్టాను. పక్కింటి దోస్తుకు గోళ్లకు పూశాను. మిగిలినవి పెంటకుప్పలో కట్టెతో పొడిచి లోపలికి తోసేదాన్ని.

బుధవారం ఖాళీ షీట్లు లెక్కపెట్టి ఇచ్చేదాన్ని. నర్సమ్మ ఒక్కొక్కటి వెలుతురుకు పట్టి చూసి రాసుకునేది.

"నాకంటె నువ్వే మంచి నర్సువు" అనేది.

మధ్యాహ్నం ఆమె బడి మెట్ల మీద కూర్చుని టిఫిను విప్పేది. ఊర్లో ఏ ఇంట్లోనూ ఆమెను బువ్వకు పిలిచేవారు కాదు. జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం, ఒక్కోసారి గోంగూర. ఒకరోజు నన్ను పిలిచి సగం రొట్టె చేతిలో పెట్టింది. అవ్వకు తెలిస్తే తంతుందని తెలుసు. అయినా తిన్నాను. ఆ కారం వాసన మాపటిదాకా చేతికి ఉంది.

"పెద్దగైనంక ఏమైతవ్?" అని అడిగింది.

"నర్సునైత."

ఆ మాట ఇంట్లో బువ్వ తినేటప్పుడు అన్నాను. నాయిన చేతిలో ముద్ద ఆగింది. అవ్వ మాత్రం ఆగలేదు.

"నర్సా? కనిపించిన మొగోని చెయ్యి పట్టుకునే పని. చీము నెత్తురు కడిగే పని. గట్లాంటిదాన్ని ఎవడు చేసుకుంటడు? ఇంకోసారి అన్నవంటే మూతి కాలుస్త."

దసరా పోయింది. పత్తి పగిలింది. అక్క కాళ్లు ఉబ్బాయి. మెట్ల మీద కాదు, అరుగు మీద నడిచినా ఆయాసం వచ్చేది. ఆ బుధవారం నర్సమ్మ మళ్లీ రక్తం చుక్క తీసుకుంది. చూసి, మళ్లీ ఇంకో వేలికి పొడిచి తీసింది.

"అవ్వా, ఇన్ని గోలీలు మింగినంక రక్తం పెరగాలె. ఇంక తగ్గింది. ఎట్లా?" అని, అక్కను మెల్లగా అడిగింది. "బిడ్డా, నిజం చెప్పు. దొడ్డికి నల్లగ వస్తున్నదా?"

గోలీలు మింగితే నల్లగా వస్తుంది, అది మంచిదే, ఆ నలుపును బట్టే మింగారో లేదో తెలుస్తుంది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు అక్క నేల చూసి, "లేదు" అంది.

అవ్వ గయ్యిమని లేచింది. "గిదేం అడుగుడు? సిగ్గు శరం లేదా? ఆడపిల్లను అరుగు మీద కూసోబెట్టి గిసొంటి మాటలు అడుగుతవా?"

నర్సమ్మ నా చేయి పట్టుకుంది. నా గోళ్ల సందుల్లో ఎర్రగా ఉంది. చాలాసేపు చూసింది.

"ఇదేంది చెల్లె?"

"గోరింటాకు" అన్నాను.

ఆమె నా చేయి వదిలింది. చెలక నుంచి నాయిన వచ్చేదాకా అరుగు మీదే కూర్చుంది. ఆ వేరే గ్లాసులో నీళ్లు కూడా ఎవరూ ఇవ్వలేదు. నాయిన రాగానే లేచి నిలబడి చెప్పింది.

"అన్నా, నీ బిడ్డకు రక్తం చాల తక్కువున్నది. పెద్ద దవాఖానకు తోలుకపో. సీసాల కలిపి రక్తం పట్టే మందు ఎక్కిస్తరు. కాన్పు గూడ ఆడ్నే చేపియ్యి. నేను తోడొస్త."

"సర్కారు దవాఖానల ఒక్క మంచం మీద ఇద్దరిని పండబెడ్తరు" అన్నాడు నాయిన. "మా బిడ్డెను ఆడ ఎయ్యను. ప్రైవేటుల మాట్లాడిన. నువ్వు ఫికర్ చెయ్యకు."

"ప్రైవేటోళ్లు ఇట్లాంటి కేసు ముట్టుకోరన్నా."

"ముట్టుకుంటరో లేదో మేం చూసుకుంటం" అంది అవ్వ లోపలి నుంచి.

తర్వాత పది రోజులకు, పొద్దున చాయ తాగే వేళకు అక్కకు నొప్పులు మొదలయ్యాయి. దినాలు నిండలేదు. నేను చెలకకు ఉరికాను. అమ్మ ఒడిలో పత్తి అట్లాగే ఉంచుకుని ఉరికొచ్చింది. ఆటో వచ్చింది. అమ్మ, నాయిన, అవ్వతో పాటు సంచి పట్టుకోవడానికి నన్ను కూడా ఎక్కించారు. దారి పొడుగునా అక్క నా భుజం పట్టుకుంది. ఆమె చేయి చల్లగా, తడిగా ఉంది.

టౌనులోని ప్రైవేటు దవాఖానలో చల్లటి గది, గాజు తలుపు. రక్తం పరీక్ష చేశారు. పావుగంటకు ఒకాయన బయటికి వచ్చి, "రక్తం లేదమ్మా. మా దగ్గర కాదు. పెద్ద దవాఖానకు తీసుకుపోండి, ఇప్పుడే" అన్నాడు. నాయిన చేతులు జోడించాడు. ఆయన గాజు తలుపు వేసుకుని లోపలికి పోయాడు.

నాయిన అక్కడే నిలబడి నర్సమ్మకు ఫోను చేశాడు. ఆయన ఆమెకు ఫోను చేయడం అదే మొదటిసారి. "సిస్టరమ్మా" అని మాత్రం అన్నాడు. ఆమె పంపిన అంబులెన్సు వచ్చింది. నడుమ ఒక ఊరి రోడ్డు మీద నర్సమ్మ టీకాల డబ్బా ఎవరికో అప్పజెప్పి, చేయెత్తి నిలబడి ఉంది. ఎక్కగానే అక్కను ఎడమ పక్కకు తిప్పి పండబెట్టింది. అక్క తల తన ఒడిలో పెట్టుకుంది.

పెద్ద దవాఖానలో జనమే జనం. ఫినాయిల్ వాసన, చెమట వాసన. నిజంగానే ఒక మంచం మీద ఇద్దరున్నారు. కానీ అక్కను మోసుకుని పోగానే నలుగురు నర్సులు ఉరికి వచ్చారు. అది నేను చూశాను. నాయిన కూడా చూశాడు.

డాక్టరమ్మ అక్క కంటి రెప్ప లాగి చూసి గట్టిగా అరిచింది. "కాగితం లెక్క తెల్లగున్నది. ఇన్ని నెలలు ఏం చేశారు? ఈ ఊరి నర్సు ఎవరు?"

"నేనే మేడం" అని నర్సమ్మ అక్క కార్డు చాపింది.

"నూరు గోలీల మీద ఇచ్చినట్టు రాసుంది. నిజంగా మింగిందా?"

"ఖాళీ షీట్లు చూసి రాసిన మేడం."

డాక్టరమ్మ మొహం మారింది. "ఇన్ని మింగినా రక్తం పెరగలేదంటే లోపల వేరే జబ్బేదో ఉంది. ఇక్కడ మాతో కాదు. పట్నం పంపాలి. కాగితం రాస్తాను."

"దారిలనే కాన్పయితె, మేడం?"

"ఇక్కడ ఉంచి ఏం చెయ్యమంటావు? ఏ జబ్బో తెలియకుండా?"

అప్పుడే బావ వచ్చాడు. ఆయన వెంట వాళ్ల అన్న, ఇంకో ముగ్గురు మనుషులు. వస్తూనే నర్సమ్మ మీదికి పోయాడు.

"గోలీలియ్యలే ఈమె. కార్డు మీద ఉత్తగ గీకింది. గోలీలమ్ముకున్నది. నా పెండ్లాం సచ్చిపోతే నిన్ను ఇడిచిపెట్ట."

ఆయన వెంట వచ్చిన వాళ్లలో ఒకడు ఆమె భుజం మీద చేయి వేసి తోశాడు. ఆమె వీపు గోడకు తగిలింది. వరండాలో జనం మూగారు. ఎవరో "గీళ్లు గింతే, అందరు దొంగలే" అన్నారు. నర్సమ్మ కిందపడ్డ కార్డు తీసుకుని తుడిచింది.

అవ్వ నన్ను తన కొంగు వెనక్కి లాక్కుంది. నా చేయి గట్టిగా పట్టుకుంది. నేను అవ్వ మొహంలోకి చూశాను. అవ్వ నా వైపు చూడలేదు. అవ్వ భయపడడం నేను అప్పుడే చూశాను. తొలిచూలు కాన్పు పుట్టింటి బాధ్యత. గోలీలు పారేయించింది పుట్టింటోళ్లే అని తెలిస్తే బావ వాళ్లు అక్కను మళ్లీ ఆ ఇంటి గడప తొక్కనివ్వరు. బతికితే.

లోపల అక్క అరిచింది. బయట అంబులెన్సు మళ్లీ స్టార్టు చేశారు.

నేను అవ్వ చేయి విడిపించుకున్నాను. నర్సమ్మ వరండా చివర నల్లా దగ్గర మొహం కడుక్కుంటోంది. ఆమె దగ్గరికి పోయి కొంగు పట్టి లాగాను. ఆమె వంగింది.

"అక్క మింగలే" అన్నాను. "నాలుగు దినాలే మింగింది. అన్ని నేనే పెంటకుప్పల పారేసిన."

ఆమె మొహం మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. నన్ను కొడుతుందనుకున్నాను. "ఒక్కటి గూడ తర్వాత మింగలేదా? నిజమేనా?" అని మాత్రం అడిగింది. తల ఊపాను. "ఎవరికి చెప్పకు" అంది. అని లోపలికి ఉరికింది.

తలుపు సందులోంచి ఆమె మాట విన్నాను. "మేడం, గోలీలు మింగలేదు. నాకిప్పుడే తెలిసింది. నా తప్పే, మింగుతున్నదో లేదో నేను చూసుకోలే. వేరే జబ్బేం లేదు. రక్తం ఎక్కిస్తే నిలబడ్తది మేడం, పట్నం పంపకున్రి."

డాక్టరమ్మ ఆమెను ఏదో గట్టిగా తిట్టింది. తర్వాత పట్నం కాగితం చింపిన చప్పుడు వినబడింది.

రక్తానికి మనుషులు కావాలన్నారు. బావ వెంట వచ్చిన వాళ్లు ఒక్కొక్కరే చాయకని జారుకున్నారు. నాయిన సూది చూసి చెమటలు పట్టి నిలబడిపోయాడు. నర్సమ్మ ఆయన చేయి పట్టుకుంది. "నేనున్న గదనే, అన్నా. కండ్లు మూసుకో" అని పక్కన కూర్చుంది. రక్తం తీసినంతసేపు ఆ చేయి వదలలేదు. నాయినది అయ్యాక, తిట్టిన నోరు మూసుకుని బావ కూడా వచ్చి కూర్చున్నాడు. ఆయన చేయి కూడా ఆమే పట్టుకుంది.

పొద్దు వాలుతుండగా అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాత రక్తం పోవడం ఆగలేదు. ఒక సీసా ఎక్కింది, రెండోది ఎక్కింది. లోపలికి, బయటికి నర్సులు ఉరుకుతూనే ఉన్నారు. అమ్మ గోడకు తల ఆనించి కూర్చుంది. నేను సీసాలో నుంచి పడే చుక్కలు లెక్కపెట్టాను. ఎంతవరకు లెక్కపెట్టానో గుర్తు లేదు. ఒక నర్సు బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఆగింది" అంది. అంతే. ఆమె పేరు కూడా మేం అడగలేదు.

ఇంటికి వచ్చాక పిల్లను చూడ్డానికి గల్లీ అంతా వచ్చింది. పిల్ల తెల్లగా ఉంది. అవ్వ ఒడిలో పెట్టుకుని చూపించేది. "చూడున్రి. గవి మింగలే కాబట్టే గిట్ల పాల లెక్క పుట్టింది" అని ఆడోళ్లకు మెల్లగా చెప్పేది. కడుపుతో ఉన్న ఇద్దరు ఆ మాట విని తలూపారు. నాకు అక్కడి నుంచి లేచి పోవాలనిపించింది. లేవలేదు.

నర్సమ్మ గోలీలు ఇవ్వలేదని బావ పెట్టిన అర్జీ అప్పటికే పై ఆఫీసుకు పోయింది. ఒకరోజు దవాఖాన ఆఫీసు పెద్దసారు జీపులో వచ్చి బడి వరండాలో కుర్చీ వేసుకున్నాడు. నర్సమ్మకు కుర్చీ వేయలేదు. ఆమె రిజిస్టర్లు పట్టుకుని నిలబడి ఉంది. రిజిస్టరులో నా పేరు ఉంది కాబట్టి నన్ను పిలిపించారు. పోయే ముందు నాయిన నన్ను పత్తి అర్రలోకి తీసుకుపోయాడు. దవాఖాన నుంచి వచ్చిన తెల్లారే అవ్వ అంతా ఆయనకు చెప్పేసింది.

"బిడ్డా, నువ్వు నోరు తెరిస్తే మీ అక్క కాపురం పోతది. నర్సమ్మకు నౌకరి పోదు, మహా అంటే బదిలి చేస్తరు. ఏం తెల్వదను. సరేనా?"

నాయిన నన్ను బతిమాలడం ఎప్పుడూ చూడలేదు.

పెద్దసారు మంచిగానే మాట్లాడాడు. "భయపడకు పాపా. ఖాళీ షీట్లు చూపించింది నువ్వే అని ఇందులో ఉంది. ఈ నర్సమ్మ మీ ఇంటికి గోలీలు ఇచ్చిందా?"

గేటు దగ్గర అవ్వ, నాయిన, బావ ఉన్నారు. మా పంతులమ్మ కిటికీలోంచి చూస్తోంది. నర్సమ్మ నా వైపు చూడలేదు. రిజిస్టరు అట్ట మీద గీతలు చూస్తోంది.

"నాకు తెల్వది సార్."

"తెల్వదంటే ఎట్లా? ఇవ్వడం చూశావా, లేదా?"

"చూడలే" అన్నాను.

పెద్దసారు రాసుకున్నాడు. నా చేతిలో పెన్ను పెట్టి కింద సంతకం చేయమన్నాడు. నా పేరు నేను రాయగలిగాను. ఆయన ఇంకేదో అడగబోతే నర్సమ్మ అడ్డం వచ్చింది. "చిన్నపిల్ల సార్. బెదిరింది. ఇడిచిపెట్టున్రి" అంది.

ఆమెను హాలియా అవతల కాలువ కింది ఊరికి ఎక్కడికో బదిలీ చేశారు. అక్క ఏడాది దాకా బిందె ఎత్తలేకపోయింది. పిల్లను నేనే చూసుకున్నాను. ఐదో తరగతితో బడి ఆగింది. అక్క కాపురం నిలబడింది. ఇప్పటికీ మంచిగానే ఉంది. ఇదంతా చదివితే నా మీద కోపం చేస్తుందేమో.

నర్సమ్మ ఊరు విడిచిపెట్టిన రోజు నేను పిల్లను చంకనేసుకుని పాల కేంద్రం దగ్గర నిలబడ్డాను. తప్పుకుందామనుకునే లోపే స్కూటీ ఆగింది. ఆమె దిగి పిల్ల కంటి కింది రెప్పను మెల్లగా లాగి చూసింది. "దీనికి మంచిగున్నది" అంది. "నీది చూపెట్టు" అని నా రెప్ప కూడా లాగింది. ఆమె బొటనవేలు నా బుగ్గకు వెచ్చగా తగిలింది. కళ్లల్లో నీళ్లు తిరిగితే ఆమెకు రెప్ప లోపల కనబడదని ఆపుకున్నాను.

"తక్కువున్నది నీకు. తోటకూర తిను. గుడ్డు తిను" అంది. బండి ఎక్కి పోయింది. ఒక్క మాట కూడా అడగలేదు. అడిగి ఉంటే ఏడ్చేసేదాన్ని, అంతా చెప్పేసేదాన్ని, ఆ రోజుతో అయిపోయేది.

ఆమె ఇప్పుడు రిటైరై ఉంటుంది. హాలియా దిక్కు మాకు చుట్టాలున్నారు. రెండుసార్లు పెళ్లిళ్లకు పోయాను. రెండుసార్లూ ఎవరినీ అడగకుండానే తిరిగి వచ్చాను. అవ్వ లేదు. నాయిన లేడు. ఆ పెద్దసారు ఎక్కడున్నాడో తెలియదు. ఆయన రాసుకున్న కాగితం మాత్రం ఏదో ఒక ఆఫీసు బీరువాలో, కింద నా సంతకంతో, ఉండే ఉంటుంది. అందుకే ఆయన అడిగినదానికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

సార్, ఆమె ప్రతి బుధవారం మా ఇంటికొచ్చింది. గోలీలు నా చేతికే ఇచ్చింది. నేను చూసిన. పారేసింది నేనే. ఆమె తప్పేం లేదు. గిది గూడ రాసుకోండి సార్.